డేటా డిస్కా, వీడియో డీవీడీయా: ఏది మేలు?

ఇంట్లో తీసుకున్న వీడియోను డీవీడీలోకి రాశారు. కంప్యూటర్లో పెడితే చక్కగా ప్లే అయింది. టీవీ కింది ప్లేయర్లో పెడితే మాత్రం డిస్కును చదవలేనంది. కొత్తగా బర్న్ చేసేవాళ్లు, అంటే డిస్కు మీద రాసేవాళ్లు, చాలామంది ఇక్కడే డిస్కు పాడైందనుకుని ఇంకోటి, ఆపై ఇంకోటి వృథా చేస్తారు. నిజానికి రాసిన పద్ధతిలోనే తేడా ఉంది.

డేటా డిస్కు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం లాంటిదే. ఎంపీ4, అంటే మామూలు వీడియో ఫైలు, ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. సెకనుకు 2 మెగాబిట్ల ఫైళ్లయితే ఒక్క డిస్కులో దాదాపు 5 గంటల వీడియో పడుతుంది. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోండి. అట్ట మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ లెక్కలో అది 4.37 జీబీయే, ఎందుకంటే తయారీదారులు వెయ్యితో, విండోస్ 1024తో లెక్కేస్తారు. ఇక ఒక్క ఫైలే 4 జీబీ దాటితే బర్న్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) దగ్గర యూడీఎఫ్ ఎంచుకోవాలి.

వీడియో డీవీడీ సంగతి వేరు. పాత ప్లేయర్లకు ఎంపెగ్-2 అనే పాత ఫార్మాట్ వీడియో కావాలి. అది వీడియో_టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డర్లో వీవోబీ, ఐఎఫ్ఓ, బీయూపీ ఫైళ్లుగా ఉండాలి. ఎంపీ4ను ఈ రూపంలోకి మార్చి, మెనూ పెట్టి సిద్ధం చేయడాన్నే ఆథరింగ్ అంటారు. డీవీడీస్టైలర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఆ పనంతా అదే చేసిపెడుతుంది. ఫోల్డర్ సిద్ధంగా ఉంటే విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్, లినక్స్‌లో కే3బీ అనే సాఫ్ట్‌వేర్లతో డిస్కుపై రాసుకోవచ్చు. ఆ ఫోల్డర్ డిస్కు మొదట్లోనే ఉండాలి. ఇంకో ఫోల్డర్ లోపల పెడితే ప్లేయర్ దాన్ని వెతికి పట్టుకోలేదు. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ ఇదే.

దీనికి చెల్లించే మూల్యం నాణ్యత. 1920×1080లో తీసిన దృశ్యం 720×576కో, 720×480కో దిగిపోతుంది. పిక్సెళ్ల లెక్కలో మొదటిది ఐదో వంతు, రెండోది ఆరో వంతు. ఒక డిస్కులో గంట వీడియో పెడితే బాగుంటుంది, రెండు గంటలు పర్వాలేదు. మూడు గంటలు కుక్కితే కదలికలున్న చోటల్లా ముఖాలు చెదిరిపోతాయి. అలాంటప్పుడు రెండు డిస్కులుగా విడగొట్టడమే మంచిది.

మరి ఏది మేలు? అది ఎక్కడ చూస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. పెద్దవాళ్ల ఇంట్లో డీవీడీ ప్లేయర్ ఒక్కటే ఉంటే, రిమోట్ నొక్కగానే బొమ్మ కనబడాలంటే, కష్టమైనా వీడియో డీవీడీయే చేయండి. దాచుకోవడానికైతే డేటా డిస్కే, ఇందులో నాకు రెండో మాట లేదు. అసలు ఫైలు చేతిలో ఉంటే డీవీడీని ఎప్పుడైనా తయారు చేసుకోవచ్చు. డీవీడీ నుంచి అసలు నాణ్యతను వెనక్కి తెచ్చుకోలేం. మనవళ్లు రేపు పెద్ద తెరపై చూసుకోవాల్సింది అసలు వీడియోనే కదా! వీలైతే రెండూ చేయండి.

బ్లూరే డిస్కులో 25 జీబీ పడుతుంది, కానీ దాన్ని రాసే డ్రైవూ చదివే ప్లేయరూ వేరుగా ఉండాలి. మొదటి ప్రయత్నానికి అంత అవసరం లేదు.

ఖాళీ డిస్కుల్లో పాత ప్లేయర్ల కోసమైతే ఒక్కసారే రాయగలిగే డీవీడీ-ఆర్ తీసుకోండి. ఆర్‌డబ్ల్యూ చెరిపి మళ్లీ రాయొచ్చు కాబట్టి సాధనకు బాగుంటుంది, కానీ అది కాంతిని తక్కువగా ప్రతిఫలిస్తుంది, కొన్ని ప్లేయర్లు చదవలేవు. రాసే వేగం 4ఎక్స్ (మామూలు వేగానికి నాలుగు రెట్లు) లేదా 8ఎక్స్ చాలు. ఫైనలైజ్ (ఇతర ప్లేయర్లు చదివేలా డిస్కును ముగించడం), వెరిఫై (రాసింది సరిగ్గా ఉందో చూడడం) రెండూ టిక్ చేయండి. పూర్తయ్యాక డిస్కును అది చివరికి ఆడాల్సిన ప్లేయర్లోనే పెట్టి, మొదటి నిమిషం, మధ్యలో ఒకచోట, చివరి నిమిషం చూడండి. అంతదాకా కంప్యూటర్లోని అసలు ఫైలును చెరపకండి.