ఐదు పిన్నుల డిన్ ప్లగ్: కడపలో కొన్నేళ్లు వాడాక

మా ఇంట్లో ఉన్న పాత ఫిలిప్స్ క్యాసెట్ డెక్కు వెనక ఎడమకొకటి, కుడికొకటి విడివిడిగా ఉండే ఆర్‌సీఏ ఆడియో సాకెట్లు లేవు. జర్మన్ ప్రమాణం ప్రకారం చేసిన, డిన్ అనే ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఒక్కటే ఉంది. దానికి నేను వాడేది విప్పి టంకం వేసుకునే మెటల్ ప్లగ్. రికార్డింగూ ప్లేబ్యాకూ, ఎడమా కుడీ, అన్నీ ఒక్క ప్లగ్గులోనే సరిపోతాయి. అందుకే అదంటే ఇష్టం. నా కోపమంతా దాని పేరు చెప్పి షాపుల్లో అంటగట్టే రెడీమేడ్ కేబుల్ మీదే.

ఇక్కడ ఐదు పిన్నులది కావాలంటే మ్యూజిక్ కీబోర్డులకు వాడే మిడి కేబుల్ చేతిలో పెడతారు. "సేమ్ పిన్నే సార్, తీసుకుపోండి" అన్నాడు షాపాయన. నిజంగానే సాకెట్‌లో చక్కగా కూర్చుంది. కువైట్ నుంచి మా మామ మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు పెడితే కుడి స్పీకర్లో అంతా వినిపించింది. అవి మోనో, అంటే రెండు పక్కలా ఒకే శబ్దం కదా, ఏ మాటా పోలేదు. స్టీరియో పాటలు పెట్టినప్పుడు మాత్రం సగం వాయిద్యాలు మాయం. మెకానిక్‌కు చూపిస్తే టేపును చదివే హెడ్డు అరిగింది, మార్చాల్సిందే అన్నాడు. హెడ్డు అరిగితే ముందు ట్రెబుల్, అంటే సన్నటి శబ్దాలు పోవాలి, ఒక పక్క మొత్తం ఎందుకు పోతుందని నా అనుమానం.

మల్టీమీటర్‌తో కేబుల్ రెండు కొసలూ పట్టి చూస్తే 2, 4, 5 పిన్నులు బీప్ అన్నాయి, అంటే వాటికి తీగ ఉంది. 1, 3 ఉలకలేదు, పలకలేదు. మిడి సిగ్నల్‌కు 4, 5, తీగల చుట్టూ ఉండే షీల్డు తొడుగుకు 2 ఉంటే చాలు. మిగతా రెండింటికి చాలా కేబుళ్లలో తీగే ఉండదు. డెక్కులో ఎడమ చానెల్ బయటికొచ్చేది సరిగ్గా ఆ 3 మీదే. పోనీ విప్పి తీగ వేద్దామంటే అది అచ్చుపోసిన ప్లగ్, విప్పడానికి రాదు. పాత కంప్యూటర్ కీబోర్డు వైరుకూ ఇదే ప్లగ్ ఉంటుంది గానీ దాన్నీ మీటర్ పెట్టి చూడకుండా నమ్మొద్దు.

చివరికి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచి విడి ప్లగ్గులు తెప్పించుకున్నా. పిన్నుల వరుస 1, 4, 2, 5, 3. మోనో కాలంలో మూడే ఉండేవి, స్టీరియో వచ్చాక 4, 5ను మధ్యలో ఇరికించారు. టంకం పెట్టేటప్పుడు లోపలి ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను ఒరిగిపోతుంది. పనికిరాని సాకెట్‌లో ప్లగ్ గుచ్చి పెడితే కదలదు.

అన్నీ ఒక్క ప్లగ్గులోనే అన్నాను గానీ, రికార్డింగ్ పిన్నులకు చాలా చిన్న సిగ్నల్ కావాలి. ఫోన్ నుంచి నేరుగా ఇస్తే శబ్దం పగిలిపోతుంది, సిగ్నల్ తగ్గించడానికి మధ్యలో రెసిస్టర్లు వేయాలి. ప్లగ్గులో వైరును పట్టే క్లిప్పు కూడా అంత గట్టిది కాదు.

మా డెక్కు బల్ల మీంచి కదలదు కాబట్టి నాకిది చాలు. ఊరూరా తిప్పే సెట్టయితే వెనక ఆర్‌సీఏ సాకెట్లు బిగించుకోవడమే మేలేమో. నాకు మాత్రం ఆ వెనక పలకకు డ్రిల్లు పెట్టడానికి మనసొప్పదు.