నిషాదం నుంచి షడ్జానికి: రామ్స్ హెడ్ బిగ్ మఫ్ పెడల్‌తో ఆరు నెలలు

రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘ది వాల్’ (1979) ఆల్బమ్‌లో ‘కంఫర్టబ్లీ నంబ్’ పాట చివర వచ్చే రెండో గిటార్ సోలో ఇంటర్ రోజుల నుంచి నా చెవుల్లో ఉంది. అది వాయించిన డేవిడ్ గిల్మర్‌ది నల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్, బిగ్ మఫ్ (గిటార్ స్వరాన్ని గరుకుగా చేసి సాగదీసే ఫజ్ పెడల్, కాలితో నొక్కే డబ్బా), వంద వాట్ల హైవాట్ యాంప్. అంత పెద్ద యాంప్ అపార్ట్‌మెంట్‌లో మోగించలేను. అందుకే పెడల్‌తో మొదలుపెట్టాను. బిగ్ మఫ్‌లో డెబ్బైల నాటి రకమైన రామ్స్ హెడ్ సర్క్యూట్‌ను దాని తయారీ సంస్థ ఎలక్ట్రో హార్మోనిక్స్ చిన్న డబ్బాలో మళ్లీ తెచ్చింది, అదే కొన్నాను.

నాబ్‌లు మూడే: వాల్యూమ్, టోన్, సస్టెయిన్ (గరుకు మోతాదు). సస్టెయిన్ చివరిదాకా తిప్పితే తేనెతుట్టె కదిలినట్టు రొద తప్ప స్వరం తెలియదు. గడియారంలో ఒంటిగంట చోటికి తగ్గించి, టోన్ పదకొండు దగ్గర పెట్టాక పాట వినబడింది.

అసలు చిక్కు మిడ్స్‌ది, అంటే మధ్య స్థాయి ధ్వనులది. మఫ్ సర్క్యూట్ మిడ్స్‌ను కోసేస్తుంది. గదిలో ఒంటరిగా వాయిస్తే బ్రహ్మాండంగా ఉంటుంది, డ్రమ్స్, బేస్ తోడవగానే గిటార్ అడుగున పడిపోతుంది. యాంప్‌ను పూర్తి క్లీన్‌గా (గరుకు లేకుండా) ఉంచి, దాని మిడిల్ నాబ్ ఎనిమిదికి పెంచాను. మఫ్ తర్వాత ఒక ఓవర్‌డ్రైవ్ (ఫజ్ కన్నా మెత్తగా గరుకు చేసే పెడల్) పెట్టి, దాని గెయిన్ (గరుకు మోతాదు) దాదాపు సున్నాలో ఉంచి, లెవెల్ (శబ్దం ఎత్తు) మాత్రం కాస్త ఎత్తాను. నా అనుభవంలో, మఫ్ మీద పెట్టే డబ్బు కన్నా ఈ రెండు మార్పులే ఎక్కువ పని చేశాయి.

ఇప్పుడు బ్రిడ్జ్ పికప్‌లో (తీగల చివర బ్రిడ్జ్ పక్కన శబ్దాన్ని పట్టే భాగం), రెండో తీగ పదో ఫ్రెట్ నొక్కి, నిషాదం నుంచి పై షడ్జానికి మెల్లగా లాగి ఆపుతాను. స్వరం సన్నబడకుండా అలాగే నిలబడుతుంది. అప్పుడు ట్రెమొలో బార్‌ను (తీగల బిగువు మార్చే కడ్డీని) అరచేత్తో కొద్దిగా ఊపితే గమకంలా కదులుతుంది. మొదటిసారి అలా పలికిన రాత్రి ఆ ఒక్క బెండ్‌నే (తీగ లాగుడునే) గంటసేపు వాయించాను. డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) 470 మిల్లీసెకన్లు, మూడు రిపీట్లు, అవీ లోగొంతులోనే.

చవక అడాప్టర్‌తో గుంయ్‌మని హమ్ వచ్చింది, తొమ్మిది వోల్టుల బ్యాటరీ వేస్తే పోయింది. వాయించనప్పుడు వచ్చే బుస మాత్రం ఫజ్ పెడల్ స్వభావం, దాన్ని భరించాల్సిందే. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే క్లీన్ అవుతుందనుకుని కొనకండి, ఇది అలా లొంగదు. రిథమ్ వాయించేటప్పుడు నేను కాలితో నొక్కి ఆపేస్తాను, సోలో దగ్గర మళ్లీ వేస్తాను.