పీజీబ్యాక్‌రెస్ట్: డేటాబేస్ పడిపోయిన రోజు ఎలా పనిచేసిందంటే

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి బ్యాకప్‌లు తీసి, అవసరమైతే వాటి నుంచి తిరిగి నిలబెట్టే పీజీబ్యాక్‌రెస్ట్ అనే టూల్‌ని మూడేళ్లుగా వాడుతున్నాను, కానీ దాని గురించి రాయాలని ఎప్పుడూ అనిపించలేదు. రోజూ రాత్రి బ్యాకప్ అయిపోతుంది, పొద్దున్నే లాగ్‌లో ఒక లైన్ చూస్తాను, మర్చిపోతాను. గత నెలలో మాత్రం దాన్ని నమ్ముకుని ఒక సాయంత్రమంతా కూర్చోవాల్సి వచ్చింది.

మాది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, 640 జీబీ. ఆ రోజు మధ్యాహ్నం 3:42కి అది నడుస్తున్న మెషీన్ టక్కున ఆగిపోయింది. పది నిమిషాల్లో లేచింది, డిస్క్ కూడా బాగానే ఉంది. కానీ ‘రాసేశాను’ అని డిస్క్ చెప్పిన డేటాలో కొంత ఇంకా క్యాష్‌లోనే ఉంది, అది కరెంటుతో పాటే పోయింది. ఫైల్‌సిస్టమ్ చెక్ నడిపితే కొన్ని టేబుల్ ఫైళ్లు పేరూ చోటూ పోయి, అలాంటివాటిని పడేసే లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్‌లో తేలాయి. పోస్ట్‌గ్రెస్ స్టార్ట్ చేశాం. రికవరీ కాసేపు నడిచింది, ఆ తర్వాత వాల్ (ప్రతి మార్పునీ డేటా ఫైళ్లకంటే ముందే రాసుకునే లాగ్) చెబుతున్న పేజీలు ఫైళ్లలో లేవంటూ పానిక్ కొట్టి పడుకుంది.

రెప్లికా, అంటే ఎప్పటికప్పుడు నకలు చేసుకునే రెండో డేటాబేస్, లేదా అంటారు. ఉంది. అదే మెషీన్ మీద, పక్క వర్చువల్ మెషీన్‌లో. ఆ సంగతి మా మేనేజర్‌కి చెప్పడమే ఆ రోజు అన్నిటికంటే కష్టమైన పని.

అలాంటప్పుడు, వాల్‌ని పక్కకి తోసేసి డేటాబేస్‌ని బలవంతంగా లేపే పీజీ_రీసెట్‌వాల్ అనే కమాండ్ ఊరిస్తూ ఉంటుంది. నడిపితే డేటాబేస్ లేచి కూర్చోవచ్చు కూడా. కానీ లోపల ఏ లావాదేవీ సగంలో తెగిందో, ఏ ఇండెక్స్ ఏ పాత వరుసని చూపిస్తోందో ఎవరికీ తెలియదు. దాని జోలికి పోలేదు. ముందు డిస్క్‌కి ఉన్నది ఉన్నట్టు నకలు, అంటే స్నాప్‌షాట్ తీసుకున్నాం. తర్వాత వాల్ ఫైళ్లుండే పీజీ_వాల్ ఫోల్డర్ మొత్తాన్ని విడిగా ఇంకో చోటికి కాపీ చేశాను. చివరికి మా పరువు నిలబెట్టింది ఈ రెండో పనే.

రిస్టోర్ కమాండ్ ఇవ్వగానే పీజీబ్యాక్‌రెస్ట్ మొరాయించింది. పోస్ట్‌గ్రెస్ నడుస్తున్నప్పుడు పెట్టుకునే పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైలు కనిపిస్తోంది కాబట్టి డేటాబేస్ నడుస్తున్నట్టే, రిస్టోర్ చేయను అంది. నడవడం లేదని నిజంగా తేలితేనే ఆ ఫైలు తీసేయమని కింద ఒక సూచన. పక్కనే ఉన్న మా జూనియర్ “అక్కా, పాత ఫైలే కదా, తీసేద్దామా?” అంది. ముందు ప్రాసెస్‌ల లిస్టు చూడమన్నాను. పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ ఒక్కటీ లేదని ఇద్దరం చూసుకున్నాకే తీసేశాం. అంత హడావిడిలో ఆ మొండితనం చిరాకు పుట్టించిన మాట నిజమే. ఇప్పుడు తలచుకుంటే అలా ఆపడమే మంచిదనిపిస్తోంది. నడుస్తున్న డేటాబేస్ మీద రిస్టోర్ పడితే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు.

తర్వాత డెల్టా రిస్టోర్. దీనికే నేను పూర్తి మార్కులు వేస్తాను. మామూలుగా రిస్టోర్ చేయాలంటే డేటా ఫోల్డర్ ఖాళీగా ఉండాలి, మొత్తం 640 జీబీ మళ్లీ దింపుకోవాలి. డెల్టా ఆప్షన్ ఇస్తే డిస్క్ మీద ఉన్న ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (లోపలి డేటాని బట్టి వచ్చే గుర్తు సంఖ్య) లెక్కగట్టి, బ్యాకప్‌లో ఉన్నదానితో పోల్చి, తేడా ఉన్నవే తెచ్చుకుంటుంది. మా డేటాలో ఎక్కువ భాగం పాత నెలల పార్టిషన్లు, వాటిని ఎవరూ ముట్టుకోరు. ప్రాసెస్-మ్యాక్స్ (ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు పనిచేయాలో చెప్పే సెట్టింగ్) 8 పెట్టి నడిపితే 38 నిమిషాల్లో అయిపోయింది. ఆరు నెలల క్రితం ఖాళీ డిస్క్ మీదికి, ఒకే ప్రాసెస్‌తో రిహార్సల్ చేసినప్పుడు నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. డెల్టాతో పాటు ఫోర్స్ ఆప్షన్ కూడా ఇస్తే చెక్‌సమ్ చూడదు, ఫైలు సైజు, టైమ్ మాత్రమే పోలుస్తుంది. వేగంగా అవుతుందని ఎవరైనా ఊరించవచ్చు. మాకు జరిగినలాంటి క్రాష్‌లో సైజూ టైమూ సరిగ్గానే ఉండి లోపల మాత్రం చెత్త ఉన్న ఫైళ్లు ఉండొచ్చు. ఆ ఆప్షన్ అప్పుడు వద్దు.

రిస్టోర్ అయ్యాక వాల్ రీప్లే. మా చివరి డిఫరెన్షియల్ (గత ఫుల్ బ్యాకప్ తర్వాత మారినవే తీసుకునే) బ్యాకప్ రాత్రి రెండు గంటలది. అప్పటి నుంచి మధ్యాహ్నం దాకా జరిగిందంతా వాల్ ఫైళ్లు ఎప్పటికప్పుడు చేరే ఆర్కైవ్ నుంచి ఒక్కో 16 ఎంబీ ఫైలుగా వచ్చి మళ్లీ డేటాలో కలవాలి. ఫైళ్లను ముందే తెచ్చి పెట్టుకునే ఏసింక్ సదుపాయం ఉంది, కానీ వాటిని కలిపే పని పోస్ట్‌గ్రెస్ ఒకే ప్రాసెస్‌తో చేస్తుంది. దాన్ని తొందరపెట్టలేం. “ఎంతసేపట్లో లేస్తుంది?” అని మేనేజర్ మూడుసార్లు వచ్చి అడిగారు. లాగ్‌లో ఫైళ్ల నంబర్లు కదలడం చూపించి నీళ్లు తాగి వచ్చాను.

విడిగా దాచిన పీజీ_వాల్ ఇప్పుడు పనికొచ్చింది. అందులో ఆర్కైవ్ స్టేటస్ అని ఒక సబ్‌ఫోల్డర్ ఉంటుంది. ఇంకా ఆర్కైవ్‌కి చేరని ప్రతి వాల్ ఫైలుకీ అక్కడ ‘రెడీ’ అనే తోకతో ఒక చిన్న ఫైలు ఉంటుంది. మాకు పద్నాలుగు కనిపించాయి. ఆ మధ్యాహ్నం ఒక పెద్ద ఇంపోర్ట్ నడుస్తోంది, ఆర్కైవ్ పంపే ప్రాసెస్ ఒక్కటే ఉంది, అందుకే వెనకబడింది. పద్నాలుగు ఫైళ్లంటే దాదాపు ఆరు నిమిషాల ఆర్డర్లు. రిస్టోర్ పని మొదలైతే డేటా ఫోల్డర్‌లో బ్యాకప్‌కి చెందని ఫైళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, పాత పీజీ_వాల్ కూడా. ముందే కాపీ చేయకపోయి ఉంటే స్నాప్‌షాట్‌లో తవ్వుకోవాలి, స్నాప్‌షాట్ కూడా లేకపోతే వాటి మీద ఆశ వదులుకోవాలి.

ఆ పద్నాలుగింటినీ, సగం నిండిన చివరి ఫైలునీ స్టార్ట్ చేసే ముందే కొత్త పీజీ_వాల్‌లో పెట్టాను. ఆర్కైవ్‌లో దొరకని ఫైలు కోసం పోస్ట్‌గ్రెస్ అక్కడ వెతుక్కుంటుంది. వెతుక్కుంది, దొరికింది, తెరవలేక పర్మిషన్ లేదంటూ ఆగిపోయింది. రూట్‌తో కాపీ చేసి ఓనర్ మార్చడం మర్చిపోయాను! తప్పు నాది, టూల్‌ది కాదు. ఓనర్ మార్చి మళ్లీ స్టార్ట్ చేస్తే చివరి రీస్టార్ట్ పాయింట్ నుంచే అందుకుంది, నాలుగు నిమిషాలతో పోయింది. 5:50కి సైట్ తెరిచాం. చివరికి పోయింది 11 సెకన్ల డేటా, మూడు ఆర్డర్లు. వాటిని అప్లికేషన్ లాగ్ చూసి చేత్తో ఎక్కించాం.

ఇక కోపాలు. దీని డిఫాల్ట్‌లు మరీ పిసినారివి. ప్రాసెస్-మ్యాక్స్ 1. కంప్రెషన్ జీజిప్, నేను అంతకంటే వేగమైన జెడ్‌స్టాండర్డ్‌కి మార్చాను. పెద్ద డేటాబేస్‌కి ఇవి అలాగే వదిలేస్తే అవసరమైన రోజున గంటలు కరిగిపోతాయి. కాన్ఫిగ్‌లో రిస్టోర్‌కి, ఆర్కైవ్‌కి విడివిడిగా విలువలు ఇవ్వొచ్చు. బ్యాకప్‌కి 2, రిస్టోర్‌కి 8 అని నేను ముందే పెట్టుకున్నాను, ఆర్కైవ్‌ని మాత్రం పట్టించుకోలేదు. ఆ పద్నాలుగు ఫైళ్లు దాని ఫలితమే. ఇంకోటి, ఆర్కైవ్ క్యూకి గరిష్ఠ పరిమితి పెట్టే సెట్టింగ్. క్యూ ఆ పరిమితి దాటితే డిస్క్ నిండకుండా వాల్ ఫైళ్లను పారేసి, పంపేశానని పోస్ట్‌గ్రెస్‌కి చెప్పేస్తుంది. డేటాబేస్ ఆగదు, కానీ అక్కడ గొలుసు తెగుతుంది. కొత్త బ్యాకప్ తీసేదాకా ఆ తెగిన చోటు దాటి రికవరీ జరగదు. డాక్యుమెంటేషన్‌లో ఉంది, చదవకుండా పెట్టేవాళ్లే ఎక్కువ.

రిపాజిటరీకి, అంటే బ్యాకప్‌లూ ఆర్కైవూ ఉండే చోటుకి, ఎన్‌క్రిప్షన్ పెడితే పాస్‌ఫ్రేజ్ డేటాబేస్ సర్వర్ మీదే కాకుండా ఇంకో చోట కూడా రాసి ఉంచుకోండి. అది పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే.

నాకు నచ్చిన మరో చిన్న కమాండ్ చెక్. అది కొత్త వాల్ ఫైలుకి మారేలా చేసి, పాతది నిజంగా రిపాజిటరీకి చేరిందో లేదో చూసి చెబుతుంది. 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున ప్రైమరీ డేటా ఫోల్డర్ తుడిచేసినప్పుడు, డేటాబేస్‌ని ఫైలులోకి దింపే పీజీ_డంప్ కమాండ్‌తో తీస్తున్న బ్యాకప్‌లు చూస్తే లేవు. వెర్షన్ తేడాతో చాలా రోజులుగా ఫెయిల్ అవుతున్నాయి, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు చేరలేదు. ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ దొరికి గట్టెక్కారు. వాళ్లే అంతా విపులంగా రాశారు. అది చదివిన రోజే నేను చెక్‌ని తనంతట తానే వేళకి నడిచేలా క్రాన్‌లో పెట్టి, ఫెయిల్ అయితే ఫోన్ మోగేలా చేశాను.

ఐదారు జీబీల డేటాబేస్, ఒక రోజు డేటా పోయినా పర్లేదు అనుకుంటే ఇదంతా అనవసరం, పీజీ_డంప్ చాలు. మైఎస్‌క్యూఎల్ వాళ్లకి ఇది పనికిరాదు, పోస్ట్‌గ్రెస్‌కి మాత్రమే. వందల జీబీలున్నవాళ్లకి నా ఓటు దీనికే, ఐదుకి నాలుగున్నర. రికవరీ అయ్యాక టైమ్‌లైన్ (వాల్ ఫైళ్ల చరిత్రకి పోస్ట్‌గ్రెస్ ఇచ్చే నంబరు) మారుతుంది కాబట్టి ఆ రాత్రే ఫుల్ బ్యాకప్ ఒకటి తీశాం. రెప్లికాని మర్నాడు వేరే మెషీన్‌కి మార్చాం.