ఎఫ్‌ఎంజీఈకి "పర్సనల్ స్టడీ ప్లాన్" అని పైసలు కడ్తున్నోళ్ళు ఒక్కసారి ఇది చదువుండ్రి

ఫారిన్‌ల ఎంబీబీఎస్ చేసొచ్చి హన్మకొండల ఉండి ఎఫ్‌ఎంజీఈకి (ఫారిన్‌ల చదివొచ్చినోళ్ళు ఇక్కడ డాక్టర్ కావాలంటే పాస్ కావాల్సిన పరీక్ష) చదువుతున్నోళ్ళు, వాళ్ళ ఇంటోళ్ళు జర జాగ్రత్త. డిసెంబర్ సెషన్ అడ్మిషన్లని మళ్ళ ఫ్లెక్సీలు కడ్తున్నరు, మాకైన నష్టం ఇంకొకరికి కావద్దని రాస్తున్న.

మా తమ్ముడు కిర్గిస్థాన్‌ల చదివొచ్చిండు. ఇక్కడ ఒక సెంటర్ల "పిల్లగాని లెవెల్ చూసి, వీక్ సబ్జెక్టులు పట్టి, ఒక్కొక్కరికి సపరేట్ ప్లాన్ ఇస్తం, రోజు మెంటర్ ఫోన్ చేస్తడు, పాస్ కాకపోతే పైసలు వాపస్" అన్నరు. 38 వేలు కట్టినం. ఎనుమాముల మార్కెట్ల మా నాన్న పత్తి అమ్మిన పైసలవి, ఊకె వచ్చినయి కావు. సెంటర్ పేరు మీద కాకుండ ఒక మనిషి సొంత ఫోన్‌పే నంబర్‌కి కొట్టమన్నరు, జీఎస్టీ బిల్లు అడిగితే ఒక రసీదు చింపి సంతకం పెట్టిచ్చిండ్రు.

ప్లాన్ వాట్సాప్‌ల పీడీఎఫ్ వచ్చింది. మీద తమ్ముని పేరు పెద్దగ ఉంది. మూడో పేజీల ఎర్ర అక్షరాలతోని "డౌట్ ఉన్న ప్రశ్నలు వదిలేయాలి, నెగెటివ్ మార్కులతో ర్యాంక్ పోతది" అని రాసున్నది. అసలు ఎఫ్‌ఎంజీఈల నెగెటివ్ మార్కులే లేవు, ర్యాంక్‌తోని పనే లేదు, 300కి 150 వస్తే పాస్, గంతే. రాని ప్రశ్నకు గూడ ఏదో ఒక ఆప్షన్ పెట్టి రావాలె, ఒక్కటి ఖాళీ వదిలినా మనకే నష్టం, 148 కాడ 149 కాడ ఆగిపోయినోళ్ళను అడిగితే చెప్తరు ఒక్క మార్కు ఇలువేందో. ఇంకా కిందికి పోతే ప్రతి ఆదివారం గ్రాండ్ టెస్ట్, 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు. గది నీట్ పీజీ పేపర్, ఎంబీబీఎస్ అయినంక పీజీ సీటు కోసం రాసేది! మనది రెండు పార్టులు, ఒక్కో పార్టుల 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, నడుమ బ్రేక్. నీట్ పీజీ టైంటేబుల్ తీస్కొని మీద పిల్లల పేర్లు మార్చి అమ్ముతున్నరన్నట్టు. తమ్ముని బ్యాచ్‌ల నర్సంపేట అమ్మాయి ఉన్నది, ఆమెది, వీనిది పక్కపక్కన పెట్టి చూసినం. ఆమె ఫార్మా వీక్ అని చెప్పింది, వీడు గైనిక్ వీక్ అని చెప్పిండు, పేరు తప్ప ఒక్క ముక్క మారలే.

ఇంకో ముచ్చట, ఇది చానా ముఖ్యం. ఎఫ్‌ఎంజీఈల ఏ సబ్జెక్టుకు ఎన్ని మార్కులో ముందే చెప్తరు. మెడిసిన్ 33, సర్జరీ 32, గైనిక్ 30, పీఎస్‌ఎం (జనం ఆరోగ్యం, రోగాలు రాకుండ చూసుడు గురించిన సబ్జెక్టు) 30, ఈ నాలుగే 125. అనాటమీ, ఫిజియో, బయోకెమ్ ఒక్కోటి 17. సైకియాట్రీ, డెర్మా, అనస్థీషియా ఒక్కోటి 5. వీళ్ళ ప్లాన్ల పీఎస్‌ఎం, సైకియాట్రీ రెంటికీ సమానంగ రోజులు పెట్టిండ్రు, అదీ పీఎస్‌ఎంని తీస్కపోయి చిట్టచివర్ల పడేసిండ్రు. ఇట్ల చదివితే ఎంత కష్టపడే పిల్లలైనా ఎట్ల గట్టెక్కుతరు చెప్పుండ్రి. ఆరేండ్లు ఇల్లు వాకిలి ఇడిసిపెట్టి చదివొచ్చిన పిల్లలు వీళ్ళు, ఈ పరీక్ష పాస్ కాకుంటే ఇంటర్న్‌షిప్‌కి గూడ దిక్కులేదు, అసుంటి పిల్లలతోని ఆటలాడుడు పాపం.

మెంటర్ ఫోన్ అంటే "ఎన్ని వీడియోలు అయినయ్" అని అడిగి పెట్టేసుడే.

పైసలు వాపస్ అడిగితే రసీదు ఎనుక సన్న అక్షరాలు చూపెట్టిండ్రు, 90 శాతం హాజరు ఉండాలంట, అన్ని టెస్టులు రాసుండాలంట, అదీ పరీక్ష ఫెయిలైనంకనే అంట. కేంద్ర సర్కారు 2024 నవంబర్ల కోచింగ్ సెంటర్లకు రూల్స్ పెట్టింది, పాస్ గ్యారంటీ అని చెప్పి అడ్వర్టైజ్ చేయొద్దని. నూటికి 30 మంది గూడ పాస్ కాని సెషన్లే ఎక్కువున్న పరీక్షకు గ్యారంటీ ఎవలిస్తరు. "లాస్ట్ ఇయర్ ఒరిజినల్ పేపర్లు మా దగ్గరున్నయ్" అంటే గూడ నమ్మకుండ్రి, బోర్డు ఎఫ్‌ఎంజీఈ పేపర్లు బయటపెట్టదు, అవి పిల్లలు యాదికున్నకాడికి రాసుకున్నయే.

కట్టేముందు ఈ పరీక్ష పెట్టే బోర్డు ఎన్‌బీఈఎంఎస్ వెబ్‌సైట్ల ఇన్ఫర్మేషన్ బులెటిన్ ఫ్రీగ ఉంటది, దించుకోండ్రి. మార్కుల పేజీ ముందట పెట్టుకొని, పాత బ్యాచ్ పిల్లగాని ప్లాన్ ఒకటి చూపెట్టమని సెంటర్లనే అడుగుండ్రి, చూపెట్టకుంటే లేచి రాండ్రి. ఒక్కసారే మొత్తం కట్టకుండ్రి, నెల నెల కడ్తమనుండ్రి. వాపస్ మాట రసీదు ముందు దిక్కు రాపిచ్చుకోండ్రి.

మేము నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ పెట్టినం, వాట్సాప్ మెసేజ్‌లు, రెండు పీడీఎఫ్‌లు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ అన్నీ జతచేసినం. దాని తర్వాత సెంటరోళ్ళు ఫోన్ చేసి సగం ఇస్తం, కంప్లైంట్ వాపస్ తీస్కోండ్రి అంటున్నరు. మేమైతే తీస్కోం. ఇట్లనే కట్టినోళ్ళు ఎవలన్నా ఉంటే ఆ రసీదు, ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకుండ్రి, మీరు గూడ 1915కి ఫోన్ కొట్టుండ్రి.