గుట్టకో లెక్కా, ప్రాంతమంతటికీ ఒకే లెక్కా? గనులకు ఏది మేలు?

పోయినేడు మా దేవరకొండ వైపు ఒక క్వారీ కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే వెళ్లాను. షామియానా కింద ఒకరి చేతిలో ఉన్న పర్యావరణ రిపోర్టు తీసుకుని తిరగేశాను. ఆ గుట్ట మీద ఉండే జీవాల పట్టికలో కాకి, ఉడుత, తొండ, ఊరకుక్క, ఇంకో నాలుగు పేర్లున్నాయి. నా పక్కన కూర్చున్న రైతుకు ఆ గుట్ట కిందే రెండెకరాల పల్లి చేను. సీతాఫలాల కాలంలో ఎలుగుబంటి భయానికి ఆయన చీకటి పడ్డాక చేను వైపు పోడు. ఆ ఎలుగు పట్టికలో లేదు, నెమలి కూడా లేదు.

రాసినవాళ్లను తిట్టడం తేలిక. కానీ వాళ్లను అడిగిందే అంత: ఈ కొన్ని హెక్టార్లలో ఏముంది? ఎలుగు ఆ కొన్ని హెక్టార్లలోనే కాపురం ఉండదు కదా. ఒక గుట్ట బండల సందులో పడుకుంటుంది, ఇంకో గుట్ట కింద పండు తింటుంది, మూడోచోట నీళ్లు తాగుతుంది.

గనుల గురించి మాట్లాడినప్పుడల్లా మన దగ్గర మూడు మాటలు వినిపిస్తాయి. ఏ లీజుకు ఆ లీజు చూసి అనుమతివ్వాలని కొందరు, అసలు తవ్వకమే వద్దని కొందరు. ముందు ప్రాంతం మొత్తానికీ పటం గీసి, ఏ చోటు ముట్టకూడదో, ఎక్కడ తవ్వుకోవచ్చో తేల్చాకే లీజుల మాట ఎత్తాలన్నది మూడోది. మూడోదే మేలని నా నమ్మకం.

ఇప్పుడు నడుస్తున్నది మొదటి పద్ధతి. దీన్ని తీసిపారేయలేం. 5 హెక్టార్ల లోపు చిన్న లీజులకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లో చెప్పకపోతే చాలా గుట్టలు అడిగే దిక్కు లేకుండా పోయేవి. పక్కపక్కన ఉన్న లీజులను విడిగా చూపించి తప్పించుకోకుండా, 500 మీటర్ల లోపు ఉన్నవాటిని ఒక గుంపుగా లెక్కేయాలని 2016లో నిబంధన వచ్చింది. మంచిదే. కానీ అటు 600 మీటర్ల దూరంలో ఇంకో క్వారీ ఉంటే అది ఈ లెక్కలోకి రాదు. దుమ్ము మాత్రం రెండింటిదీ ఒకే పత్తి చేను మీద పడుతుంది. క్రషర్ల దగ్గరి చేలల్లో పత్తాకును వేలితో రాస్తే వేలు తెల్లగా అవుతుంది, ఆకు మీద గీత పడుతుంది. ఏ క్రషర్‌ను అడిగినా ‘మా దుమ్ము పరిమితి లోపలే’ అంటారు. విడివిడిగా చూస్తే అది నిజమే కావచ్చు. అన్నీ కలిపి కూడేది ఎవరు?

జిల్లా ఖనిజ సర్వే నివేదికలున్నాయి గానీ అవి జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోతాయి. డిండి వాగుకు ఇవతల నల్గొండ, అవతల నాగర్‌కర్నూల్. వాగు దాటి వచ్చే చిరుతకు, వాగులోకి దిగే వాననీటికి ఈ సంగతి తెలియదు.

విడి లెక్క ఎంత మోసం చేస్తుందో నల్లమల యురేనియం చూపించింది. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ప్రతిపాదనలో ఉన్నవి సుమారు 4,000 బోర్లు. ఒక్క బోరు చూస్తే చిన్న రంధ్రమే. చదరపు కిలోమీటరుకు లెక్కేస్తే 48 పడతాయి. ప్రతి బోరు దగ్గరికీ రిగ్గు లారీ పోవాలి, దానికి దారి చేయాలి, అడ్డొచ్చిన చెట్టు కొట్టాలి. అంత సందడి మధ్య పులి పిల్లల్ని పెడుతుందా? చెంచు పెంటల్లో, అంటే అడవిలోని వాళ్ల గూడేల్లో, మనుషులు ఎక్కడి చెలిమె నీళ్లు నమ్ముకోవాలి?

అంతకుముందు నల్గొండ జిల్లాలో లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గొడవ కూడా ఇలాంటిదే. 2003లో అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. శుద్ధి కర్మాగారాన్ని ముందు మల్లాపురం దగ్గరన్నారు. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే అక్కంపల్లి రిజర్వాయరు దాపునే ఉందని గోల అయ్యాక శేరిపల్లికి మార్చారు. ముల్లు ఒక కాలి నుంచి తీసి ఇంకో కాలికి గుచ్చినట్టయింది. తవ్వుతామన్న గనులేమో నాగార్జునసాగర్ దగ్గరే. నీళ్లు ఎటు పారుతాయన్న పటం మొదటి రోజే పెట్టి ఉంటే ఈ మార్పులతో పనే లేదు. ఫ్లోరైడు నీళ్లతో మర్రిగూడ వైపు ఎన్ని కాళ్లు వంకర్లు పోయాయో చూసిన జిల్లా ఇది. భూమి అడుగున నీళ్లు చెడితే ఏమవుతుందో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే నిషేధమే మేలా? నల్లమలకు మాత్రం అవును, అందులో నాకు రెండో ఆలోచన లేదు. ‘సేవ్ నల్లమల’ అంటూ జనం లేచాక 2019 సెప్టెంబరులో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అభయారణ్యాల లోపల, వాటి సరిహద్దు నుంచి కిలోమీటరు దాకా గనులు కుదరవని సుప్రీంకోర్టు కూడా 2023లో స్పష్టంగా చెప్పింది. కానీ అడవి బయటి గుట్టలన్నిటికీ తాళం వేయలేం. ఇళ్లకు కంకర కావాలి, క్వారీల మీద బతికే కుటుంబాలున్నాయి. అంతటా వద్దంటే తవ్వకం రాత్రిపూటకు మారుతుంది, అంతే.

అందుకే పటం. ఇదేం కొత్త ఊహ కాదు. పులుల అభయారణ్యానికి కోర్ (నడిమి అడవి), బఫర్ (దాని చుట్టూ ఉండే అంచు), జంతువులు తిరిగే దారులు కలిపి ప్రణాళిక ఉండాలని వన్యప్రాణి చట్టంలో 2006 నుంచే ఉంది. జార్ఖండ్‌లోని సారండా సాల అడవుల్లో ఇనుప ఖనిజానికి 2018లో కేంద్రం ఒక ప్రణాళిక ఒప్పుకుంది. తవ్వే భాగం వేరు, ముట్టకూడని భాగం వేరు అని అందులో విడదీశారు. మన దగ్గర ఆమన్‌గల్ నుంచి దేవరకొండ, అచ్చంపేట దాకా గుట్టలు, వాగులు, చెరువులు, జంతువుల దారులు ఒకే కాగితం మీదకు రావాలి. ముట్టకూడనివి ముందు పక్కన పెట్టాలి. మిగిలినచోట నష్టం తగ్గించాలి, తవ్విన గుంత సరిచేయాలి. ఇవన్నీ అయ్యాకే పరిహారం మాట.

మన దగ్గర ఈ వరస తిరగబడింది. ముందే ‘ఇంకోచోట మొక్కలు నాటుతాం’ అంటున్నారు. నల్లమలలో పెద్ద తేనెటీగలు నిట్టనిలువు బండల అంచున పట్టు పెడతాయి. చెంచులు తాడు కట్టుకుని దిగి ఆ తేనె తీస్తారు. ఆ బండ పోతే దాని బదులు ఎక్కడ ఏ మొక్క నాటుతారు?

పటానికీ ఒక ప్రమాదం ఉంది. 2010 ప్రాంతంలో దేశంలోని తొమ్మిది బొగ్గు క్షేత్రాల్లో తవ్వదగినవి, తవ్వకూడనివి అని గీతలు గీశారు. చట్టం బలం లేక ఆ గీతలు నిలబడలేదు. కాబట్టి పటం గీసేటప్పుడే గ్రామసభలు కూర్చోవాలి, గీసినదాన్ని ప్రభుత్వం నోటిఫై చేయాలి. టైమ్ పడుతుంది, పట్టనీ. ఒక గుట్ట కావడానికి పట్టిన కాలం ముందు రెండేళ్లు ఎంత?

మా ఊళ్లో టిప్పర్ నడిపే తమ్ముడొకడు మొన్న నన్ను నిలేశాడు. “గుట్టలు ఆపుమంటవు, నా కిస్తీ ఎవలు కడ్తరన్నా?” అన్నాడు. ఆ అడగడంలో న్యాయం ఉంది. ఇప్పుడైనా నీకు టెన్షన్ లేదా అన్నాను. కేసు పడితే, స్టే వస్తే నెలల తరబడి బండి ఇంటి ముందే ఉంటుంది. ఏ గుట్టలో ఇరవై ఏళ్లు పని ఉంటుందో ముందే తేలితే నీకే మేలు కదా అన్నాను. “కాయితం మీద అందరు మంచిగనే రాస్తరు” అన్నాడు, నమ్మకం లేకుండా.

అక్కడే పడి ఉన్న పెళ్లి పత్రిక కవరు వెనక పెన్ను పెట్టి, నువ్వే గియ్యమన్నాను. ఊరు పెట్టాడు, రోడ్డు గీశాడు, చుట్టూ ఏడు గుట్టలు. ఇప్పటికే సగం కోసిన మూడింటికి టిక్కు కొట్టాడు. తర్వాత కాసేపు పెన్ను ఆపి, తూర్పున ఉన్న చిన్న గుట్టకు అడ్డంగా గీత గీశాడు.

“ఈడ చెలిమె ఉన్నదన్నా. ఎండకాలం మా గొర్లన్నీ ఈన్నే తాగుతయి.”