సేఫ్టీ మీట దేన్ని ఆపుతుంది? బెంగళూరులో ఒకరోజు తుపాకీ క్లాసుపై సమీక్ష

సర్జాపూర్ రోడ్డు వైపు ఒక ప్రైవేట్ షూటింగ్ రేంజ్ ఆదివారాల్లో నడిపే ఒకరోజు బేసిక్ క్లాసు ఇది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీల్లో ఉండే మనవాళ్లు చాలామంది దీన్ని సెలవురోజు కాలక్షేపం అనుకుని బుక్ చేసుకుంటున్నారు. నాలుగు పెల్లెట్లు కాల్చి ఫొటో దిగి రావడమే ఉద్దేశమైతే ఈ క్లాసు విసుగు పుట్టిస్తుంది. మధ్యాహ్నం భోజనం దాకా బల్ల ముందే కూర్చోబెడతారు, లైన్ మీదికి పంపేది ఆ తర్వాతే. ట్రిగ్గర్ వెనక ఏం కదులుతుందో, సేఫ్టీ మీట నిజంగా ఏ భాగాన్ని పట్టుకుంటుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా వెళ్లాల్సిన క్లాసు.

కోచ్ కన్నడ, ఇంగ్లీషు కలిపి చెబుతారు. సహాయకుడిది హిందూపురం వైపు కావడంతో తెలుగులో అడిగినవాటికి తెలుగులోనే జవాబు దొరుకుతుంది. బల్ల మీద పెట్టేవి అసలు తుపాకులు కావు. పక్క గోడ తీసేసి లోపలి భాగాలు కనబడేలా 3డి ప్రింట్ చేసిన నాలుగు ప్లాస్టిక్ నమూనాలు: ఒక రివాల్వర్, హ్యామర్ ఉన్న ఒక పిస్టల్, స్ట్రైకర్‌తో (హ్యామర్ లేకుండా స్ప్రింగ్ బలంతో నేరుగా దూసుకెళ్లే పిన్‌తో) పనిచేసే మరో పిస్టల్, పక్కపక్కన రెండు గొట్టాలుండే ఒక 12 బోర్ షాట్‌గన్. భాగాలకు వేర్వేరు రంగులు వేయడం మంచి ఆలోచన. సియర్ (హ్యామర్‌ను పట్టి ఉంచే కొక్కెం) ఎరుపు, హ్యామర్ (కొట్టే సుత్తి) నీలం, ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచే సూది) పసుపు. రోజంతా సహాయకుడు అడిగేది ఒకటే ప్రశ్న: "ఈ మీట వేస్తే ఏ రంగు ఆగింది?" ఈ క్లాసుకు ప్రాణం ఆ ప్రశ్నే.

మొదలు ట్రిగ్గర్‌తో. వేలితో లాగితే ట్రిగ్గర్ చేసేది చిన్న పనే, సియర్‌ను పక్కకు తప్పిస్తుంది. అప్పటిదాకా స్ప్రింగ్ బలాన్ని ఆపి ఉంచింది సియర్. అది తప్పుకోగానే హ్యామర్ పడి ఫైరింగ్ పిన్‌ను కొడుతుంది, పిన్ వెళ్లి తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను, అంటే దెబ్బకు నిప్పు పుట్టించే మందును, పొడుస్తుంది. 1911 తరహా (పాత అమెరికా సైన్యపు డిజైన్) పిస్టల్‌లో హ్యామర్ మీద సియర్ పట్టు దాదాపు అర మిల్లీమీటరు. ఈ అంకెను బోర్డు మీద రాసి, అంచు అరిగితే, మధ్యలో దుమ్మో ఎండిపోయిన నూనె జిగురో చేరితే ఆ పట్టు ఎలా జారుతుందో నమూనా మీద చూపిస్తారు. ట్రిగ్గర్ తేలిక చేయిస్తామంటూ ఊళ్లో ఎవరి చేతనో సియర్ అంచు ఆకురాయితో రాయించడం ఎంత ప్రమాదమో ఈ ఒక్క బొమ్మ చూస్తే అర్థమవుతుంది.

ట్రిగ్గర్ బరువు పాఠం కూడా బాగుంది. పోటీల్లో వాడే తూకపు గుండ్లు తెచ్చి, ఒక్కొక్కరి చేత తుపాకీ నిలువుగా పట్టించి, ట్రిగ్గర్‌కు తగిలించి ఎత్తిస్తారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు నిలవాలన్నది అంతర్జాతీయ నియమం. పోలీసులు, సైనికులు వాడే గ్లాక్ తరహా సర్వీస్ పిస్టల్‌కు ఇది సుమారు రెండున్నర కిలోలు. రివాల్వర్‌ను డబుల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్‌ను లేపే పని కూడా ట్రిగ్గరే చేసేలా, లాగితే నాలుగున్నర, ఐదు కిలోల దాకా పోతుంది. అదే రివాల్వర్ హ్యామర్‌ను ముందే బొటనవేలితో వెనక్కి లాగి పెడితే సగం బరువు కూడా అక్కర్లేదు. భయంలోనో తొందరలోనో హ్యామర్ లేపిన రివాల్వర్ ఎందుకు పేలిపోతుందో ఆ తేడానే చెబుతుంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ రెండు వ్యక్తిగత రజతాలు గెలిచాక పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రులు పెరిగారట. ఆ రెండు రజతాలు వచ్చింది ఈ 500, 1000 గ్రాముల ట్రిగ్గర్ల మీదేనని చెప్పినప్పుడు పిల్లలు గుండ్లను మరింత జాగ్రత్తగా ఎత్తడం చూడముచ్చటగా ఉంటుంది.

అసలు సరుకు సేఫ్టీల పాఠంలో ఉంది. 1911 పిస్టల్‌కు బొటనవేలి దగ్గరుండే మీట సియర్‌ను కదలనివ్వదు. పిడి వెనక ఉండే గ్రిప్ సేఫ్టీ ఆపేది ట్రిగ్గర్‌నే, హ్యామర్‌తో దానికి సంబంధం లేదు. ఫైరింగ్ పిన్‌కు విడిగా అడ్డు లేని పాత రకాల్లో, పిస్టల్ నోటి (గొట్టం కొస) వైపుగా గట్టి నేల మీద పడితే పిన్ తన బరువుతోనే ముందుకు జారి ప్రైమర్‌ను తాకే అవకాశం ఉంది. అంటే రెండు సేఫ్టీలూ సరిగ్గా పనిచేస్తున్నా మూడో దారి తెరిచే ఉంది. ఎరుపు ఆగింది, నీలం ఆగింది, మరి పసుపు? క్లాసులో అందరూ ఒక్కసారిగా మౌనమయ్యే చోటు ఇదే.

తర్వాత గ్లాక్ తరహా, అంటే ఆ స్ట్రైకర్ పిస్టల్. బయట మీట కనిపించదు కాబట్టి దీనికి సేఫ్టీ లేదనుకునేవాళ్లు చాలామంది. 1980ల మొదట్లో ఆస్ట్రియా సైన్యం కోసం పుట్టిన ఈ డిజైన్‌లో మూడు అడ్డంకులున్నాయి. ట్రిగ్గర్ ముఖం మీద చిన్న నాలుక ఉంటుంది, వేలు దాన్ని నొక్కితే తప్ప ట్రిగ్గర్ వెనక్కి రాదు. స్లయిడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కూ జరిగే పైభాగం) లోపల ఫైరింగ్ పిన్ దారికి అడ్డంగా ఒక చిన్న పిన్ను నిలబడి ఉంటుంది, ట్రిగ్గర్‌కు తగిలించిన పట్టీ, అంటే ట్రిగ్గర్ బార్, వెనక్కి వస్తూ దాన్ని పైకి నెడితేనే దారి తెరుచుకుంటుంది. ఇక ట్రిగ్గర్ బార్ వెనక కొస ఒక మెట్టు మీద కూర్చుని ఉంటుంది, వేలు పూర్తిగా లాగేదాకా కిందికి దిగదు. ఈ మూడూ కింద పడ్డప్పుడు, పక్కనుంచి ఏదైనా తగిలినప్పుడు కాపాడతాయి. కానీ మూడింటినీ తెరిచే తాళంచెవి ఒక్కటే, ట్రిగ్గర్. హోల్‌స్టర్‌లోకి (తుపాకీ ఒరలోకి) దోపేటప్పుడు చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ గార్డులో ఇరుక్కుంటే మూడూ వరసగా తెరుచుకుంటాయి. అందుకే ట్రిగ్గర్ గార్డును పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ కావాలని, మెత్తటి గుడ్డ సంచులు పనికిరావని కోచ్ గట్టిగా చెబుతారు. ఆ మాటకు నూటికి నూరు మార్కులు.

ఇక్కడే ఒక లోటు. కింద పడితే పేలడం గురించి ఇంత చెప్పి, 2017లో సిగ్ పీ320 అనే పిస్టల్ విషయంలో బయటపడింది చెప్పకుండా వదిలేశారు. ఆ పిస్టల్ ఒక ప్రత్యేక కోణంలో వెనక వైపుగా పడినప్పుడు ట్రిగ్గర్ తన బరువు వల్లే వెనక్కి కదిలి తూటా పేలగలదని తేలింది. దాంతో కంపెనీ ఉచితంగా మార్చి ఇచ్చే కార్యక్రమం ప్రకటించి, తేలికైన ట్రిగ్గర్ అమర్చింది. ట్రిగ్గర్ కూడా బరువున్న వస్తువే, పడేటప్పుడు దానికీ ఊపు ఉంటుందన్న సంగతికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఐదు నిమిషాల పని.

రివాల్వర్‌లో పాత పద్ధతిని, కొత్త పద్ధతిని పక్కపక్కన పెట్టి చూపడం బాగుంది. పిన్ నేరుగా హ్యామర్ ముక్కుకే ఉండే పాతవాటిలో హ్యామర్ మీద దెబ్బ పడితే చాలు. అందుకే ఆరు గదుల్లో ఐదే నింపి, ఖాళీ గదిని హ్యామర్ కింద ఉంచుకునేవారు. కొత్తవాటిలో హ్యామర్‌కూ పిన్‌కూ మధ్య ఖాళీ ఉంటుంది. ట్రిగ్గర్ లాగినప్పుడే ట్రాన్స్‌ఫర్ బార్ అనే చిన్న పట్టీ పైకి లేచి ఆ ఖాళీని పూరిస్తుంది.

డబుల్ బ్యారెల్ 12 బోర్‌కు ఇచ్చిన సమయం మాత్రం చాలా తక్కువ. అనంతపురం, చిత్తూరు వైపు పంట కాపలా లైసెన్సుల మీద ఉండేవి ఎక్కువగా ఇవే. కొడవ కుటుంబాలకు లైసెన్సు మినహాయింపు ఉన్న కొడగు ఇళ్లలోనూ ఇవి మామూలు. బ్యారెల్ తెరిచినప్పుడల్లా చాలా రకాల్లో పైనున్న సేఫ్టీ దానంతటదే పడుతుంది, అది సౌకర్యమే. కానీ వీటిలో ఎక్కువ భాగం సేఫ్టీలు ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే. లోపల హ్యామర్ లేచే ఉంటుంది, సియర్ అంచు అరిగి ఉంటే గట్టి కుదుపుకే జారుతుంది. కంచె దాటేటప్పుడు, జీపు ఎక్కేటప్పుడు సేఫ్టీని నమ్మకూడదు. తెరిచి, తూటాలు బయటికి తీయాలి. రేంజ్‌కు వచ్చే తెలుగువాళ్లలో ఊళ్లో ఇలాంటి తుపాకీ ఉన్నవాళ్లు ఎక్కువ కాబట్టి దీనికి కనీసం అరగంట కేటాయించాలి.

భోజనానికి ముందు ఫైరింగ్ మోడ్‌ల పాఠం, అంటే ఒక్కసారి లాగితే ఎన్ని తూటాలు వస్తాయన్నది. ఇది మొత్తం చార్టు మీదే, అలాగే ఉండాలి కూడా. ట్రిగ్గర్ మీద వేలు ఉన్నంతసేపు వరసగా పేలే ఆయుధాన్ని 1959 ఆయుధ చట్టం నిషేధిత ఆయుధంగా నిర్వచిస్తుంది. మామూలు పౌరుల లైసెన్సులకు అది అందదు. కోచ్ చట్టంతోనే మొదలుపెట్టడం సరైన పద్ధతి. సెమీ ఆటోమేటిక్‌లో ఒక్కసారి లాగితే ఒక్క తూటానే ఎందుకు వస్తుంది? పిస్టల్‌లో వేలు ఇంకా లాగే ఉన్నా, ట్రిగ్గర్‌కూ సియర్‌కూ మధ్య లంకెను డిస్కనెక్టర్ అనే భాగం తెంచుతుంది, వెనక్కి వచ్చిన హ్యామర్‌ను సియర్ మళ్లీ పట్టుకుంటుంది. వేలు వదిలితే ఆ లంకె మళ్లీ కుదురుతుంది, అప్పుడే రెండో షాట్. అది కుదిరేటప్పుడు వేలికి తెలిసే చిన్న టిక్కునే రీసెట్ అంటారు. నమూనాలో దీన్ని మెల్లగా నడిపించి చూపిస్తారు. క్లాసులో అతి స్పష్టంగా అర్థమయ్యే భాగం ఇదే.

పోలీసుల చేతుల్లో చాలాకాలంగా చూస్తున్న మన ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) సింగిల్ షాట్‌కే పరిమితం. ఇన్సాస్ రైఫిల్‌లో మూడేసి తూటాల బరస్ట్ ఉంటుంది. ఏకే రైఫిల్ నిమిషానికి 600 తూటాల వేగంతో పేలుతుంది, అంటే 30 తూటాల మ్యాగజైన్ మూడు సెకన్లలో ఖాళీ. బరస్ట్ ఎందుకు పుట్టిందో ఆ లెక్కే చెబుతుంది. బరస్ట్‌కూ ఓ చిక్కుంది. అమెరికా ఎం16ఎ2లో తూటాలు లెక్కపెట్టే పళ్లచక్రం, వేలు మధ్యలో వదిలితే మొదటికి రాదు. ఒక తూటా పేలాక వదిలేస్తే, మళ్లీ లాగినప్పుడు వచ్చేవి రెండే. ఇది కోచ్ చెప్పారు, వివరం తప్పు పోలేదు.

చార్టులో మాత్రం ఒక పొరపాటు వెంటనే సరిదిద్దాల్సినది. ఏకే సెలెక్టర్ (మోడ్ మార్చే మీట) బొమ్మలో మధ్య స్థానం సింగిల్ అని, కింది స్థానం ఆటో అని ముద్రించారు. నిజానికి పైన సేఫ్, మధ్యలో ఆటో, అన్నిటికన్నా కింద సింగిల్. సేఫ్ నుంచి ఒక్క మెట్టు దించితే వచ్చేది ఆటో. చేతిలోకి ఎప్పుడూ రాని ఆయుధమే అయినా, భద్రత నేర్పే గోడ మీద తప్పు బొమ్మ ఉండకూడదు. చెబితే సహాయకుడు రాసుకున్నాడు.

స్టెర్లింగ్ కార్బైన్ లాంటి ఓపెన్ బోల్ట్ ఆయుధాల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. తూటాను లోపలికి తోసి పేల్చే బోల్ట్ అనే భాగం కాల్చేముందు వెనకే ఆగి ఉండే పద్ధతి అది. పాత డిజైన్లలో బోల్ట్ ముందుకు ఉండి మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు, పిడి మీద పడితే బోల్ట్ ఎగిరి వెనక్కి వెళ్లి, తిరిగొస్తూ తూటాను తోసి పేల్చేది. స్టెన్ గన్‌కు చెడ్డపేరు తెచ్చింది ఇదే.

మధ్యాహ్నం డమ్మీ తూటాలతో పిస్టల్ ఖాళీ చేసే సాధన. వరస ముఖ్యం: నోరు టార్గెట్ వైపు, వేలు గార్డు బయట, ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత స్లయిడ్ వెనక్కి లాగి ఆపాలి, ఛాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటులోకి) కంటితో చూడాలి, చిటికెన వేలితో తడమాలి. వరస తిరగేస్తే, అంటే స్లయిడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, పాత తూటా బయటపడుతుంది, మ్యాగజైన్ నుంచి కొత్తది లోపలికి వెళ్లి కూర్చుంటుంది. చేతిలో మ్యాగజైన్, నేల మీద తూటా చూసి ఖాళీ అయిందని నమ్ముతాం. బ్రౌనింగ్ హై పవర్ అనే పిస్టల్‌లో మ్యాగజైన్ తీస్తే ట్రిగ్గర్ పనిచేయకుండా చేసే ఏర్పాటు ఉంది కానీ, చాలా పిస్టళ్లలో అది లేదు. ఒక్కొక్కరి చేత ఈ సాధన పదేసిసార్లు చేయించారు, తప్పు చేసినవాళ్లను మళ్లీ మొదటినుంచి. ఓపికకు దండం పెట్టాలి. తూటా పేలకపోతే నోరు టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగాలన్నది కూడా చేయించి చూపారు.

చివర 10 మీటర్ల లైన్ మీద ఎయిర్ పిస్టల్. 4.5 మిల్లీమీటర్ల బోర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్నవాటికి లైసెన్సు అక్కర్లేదు, అందుకే కొత్తవాళ్లకు ఇదే ఇస్తారు. పోటీ పిస్టళ్లకు సేఫ్టీ మీట సాధారణంగా ఉండదు. పెల్లెట్ పెట్టే గేటు తెరిచి ఉండడం, గొట్టంలో రంగు సేఫ్టీ ఫ్లాగ్ ఉండడమే గుర్తు. ఇక్కడే రేంజ్ తడబడింది. ఫ్లాగులు లేన్‌కు ఒకటి చొప్పున లేవు, ఒకరి దగ్గర తీసి మరొకరికి ఇస్తున్నారు. ఒక లేన్‌కు నలుగురు కావడంతో వెనక నిలబడ్డవాళ్లలో కొందరికి కళ్లద్దాలు అందలేదు. పొద్దుటి నుంచి నేర్పిన క్రమశిక్షణ ముందు ఇది చిన్నబోతుంది. ఫ్లాగు అంటే నైలాన్ తీగ ముక్క. ఖర్చు సాకు కాదు.

బుక్ చేసేటప్పుడు ఫోన్లో రెండు అడగండి: ఆ రోజు లేన్‌కు ఎంతమంది, తెలుగు చెప్పే సహాయకుడు ఉంటాడా. ఫీజులో పెల్లెట్లు కలిసే ఉంటాయి, టార్గెట్ కాగితాలకు విడిగా కట్టాలి. పెల్లెట్లు సీసంవి కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడగకుండా టిఫిన్ డబ్బా తెరవకండి. సబ్బు మీరే తీసుకెళ్లడం మంచిది, అక్కడి కుళాయి దగ్గర ఉండడం లేదు. ఐదుకు నాలుగు. చార్టు మార్చి, ఫ్లాగులు కొని, 12 బోర్‌కు ఆ అరగంట ఇస్తే ఐదు.