బేస్‌ఎక్స్ అప్‌గ్రేడ్ చేశాక రిక్వెస్టులు ఫెయిలైతే ఏది మేలు?

పానగల్లు, ఆలంపురం గుళ్లలోని శాసనాలను చదివి, పాఠాన్ని ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో రాసే ఫైలు రూపం) లోకి ఎక్కించి, ఎవరైనా ఫోన్లో వెతుక్కునేలా పెట్టడం చాలా ఓపిక కావాల్సిన పని. నల్గొండలో మా చిన్న బృందం ఇందుకు బేస్‌ఎక్స్ వాడుతోంది. జర్మనీలోని కోన్‌స్టాంజ్ యూనివర్సిటీలో మొదలైన ఓపెన్ సోర్స్ డేటాబేస్ ఇది. 2022లో 10వ వెర్షన్ వచ్చింది. ఇప్పటికీ 9 మీదే ఉన్నవాళ్లు పైకి మారితే, డేటా భద్రంగానే ఉంటుంది కానీ సైటు నుంచి, యాప్ నుంచి వెళ్లే రిక్వెస్టులు దెబ్బతింటాయి. అప్పుడు పాత వెర్షన్‌కు తిరిగి పోవచ్చు, కొత్తదానిలోనే కూర్చుని సరిచేయవచ్చు, లేదా పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిపి పోల్చి చూడవచ్చు. నా ఓటు మూడోదానికే.

"అన్నా, ముందు పాతది పెట్టేయ్, తీరిగ్గా చూద్దాం" అని సైటు చూసుకునే తమ్ముడు అనడం సహజం. రేపు విద్యార్థులు ప్రాజెక్టు ఇవ్వాల్సి ఉంటే అదే సరైన మాట. కాకపోతే అప్‌గ్రేడ్ తర్వాత కొత్తదాంట్లో ఎక్కించిన శాసనాలు పాతదాంట్లో ఉండవు. వాటిని ముందు ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా బయటికి తీసి పెట్టుకోవాలి. పైగా కారణం తెలియకుండా వెనక్కి వస్తే, మళ్లీ అప్‌గ్రేడ్ చేసిన రోజు అదే టెన్షన్.

కొత్తదానిలోనే సరిచేయడం కొన్ని లక్షణాలకు బాగా పనికొస్తుంది. కనెక్షనే కుదరకపోతే ముందు పోర్టు (సర్వర్ రిక్వెస్టులు అందుకునే నంబరు) చూడాలి: 9 వరకు హెచ్‌టీటీపీ పోర్టు 8984, 10 నుంచి అది 8080. 401 (లాగిన్ చెల్లలేదనే కోడ్) వస్తే పాస్‌వర్డ్ చూడాలి. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్ మనమే పెట్టాలి, వెనకటి అడ్మిన్/అడ్మిన్ జంట ఇప్పుడు చెల్లదు. 404 (అడిగింది దొరకలేదనే కోడ్) దగ్గర మాత్రం తొందరపడొద్దు. అదే మెషీన్‌లో టామ్‌క్యాట్ అనే ఇంకో వెబ్ సర్వర్ ముందే 8080 పట్టుకుని ఉంటే, బేస్‌ఎక్స్ అసలు లేవకపోయినా జవాబు వస్తుంది, అదీ టామ్‌క్యాట్ ఇచ్చిన 404. కాబట్టి ఎర్రర్ పేజీ ఎవరిదో చదవాలి. ఇక పేర్లు మారిన ఫంక్షన్లున్నాయి. డీబీ:ఓపెన్ అని రాసినచోటల్లా ఇప్పుడు డీబీ:గెట్ అని రాయాలి. రెస్ట్‌ఎక్స్‌క్యూ (ఎక్స్‌క్వెరీ అనే క్వెరీ భాషలో రాసిన కోడ్‌ను వెబ్ సర్వీసుగా నడిపే పద్ధతి) ఫోల్డర్లో ఎవరూ వాడని పాత మాడ్యూల్ (కోడ్ ఫైలు) ఒక్కటి పార్స్ కాకపోయినా, డిఫాల్ట్ సెట్టింగులో మిగతా సర్వీసులన్నీ ఎర్రరే ఇస్తాయి. చాలామంది తమ కోడ్ అంతా చెడిపోయిందని హడలిపోయేది ఇక్కడే.

ఈ దారితో చిక్కేమిటంటే, కంగారులో పోర్టు, పాస్‌వర్డ్, మాడ్యూళ్లు, ముందున్న ప్రాక్సీ (రిక్వెస్టులు అందుకుని సర్వర్‌కు పంపేది) అన్నీ ఒకేసారి మార్చేస్తాం. పనిచేస్తే దేనివల్ల పనిచేసిందో తెలియదు. ఇంకోటి చెడితే దేనివల్ల చెడిందో అసలే తెలియదు.

పక్కపక్కన నడిపితే ఆ తికమక ఉండదు. జిప్ రూపంలో దొరికే బేస్‌ఎక్స్‌ను వేర్వేరు ఫోల్డర్లలో విప్పి, రెండూ స్టార్ట్ చేసి, కర్ల్ (కమాండ్ లైన్ నుంచి రిక్వెస్టు పంపే టూల్) తో ఒకే రిక్వెస్టును అటు 8984కి, ఇటు 8080కి పంపాలి. స్టేటస్ కోడ్, హెడర్లు, వచ్చిన ఎక్స్‌ఎంఎల్, మూడూ పోల్చాలి. మా దగ్గర తేడా బయటపడింది శాసనాల నంబర్ల దగ్గర. ఊరి పేరుతో వెతికితే రెండు వైపులా 200 (అంతా సరే అనే కోడ్). "2/15" లాంటి నంబరుతో అడిగితే పాతదాంట్లో శాసనం వస్తుంది, కొత్తదాంట్లో 400 (రిక్వెస్టే తప్పనే కోడ్). నంబరులోని గీత అడ్రసులో %2ఎఫ్‌గా వెళ్తుంది. పాత జెట్టీ (బేస్‌ఎక్స్ లోపలుండే వెబ్ సర్వర్) దాన్ని చూసీచూడనట్టు వదిలేసేది. కొత్త జెట్టీ మాత్రం ఆ గీత దారిలో భాగమో, నంబరులో భాగమో తేల్చలేనని రిక్వెస్టును గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. అది మన ఎక్స్‌క్వెరీ దాకా రానే రాదు, అందుకే మాడ్యూల్ ఎంత తిప్పి రాసినా ఫలితం ఉండదు. నంబరును దారిలోంచి తీసి, ప్రశ్నార్థకం తర్వాత పారామీటర్‌గా పంపితే సరిపోతుంది. రెండు జవాబులు పక్కపక్కన లేకపోతే "కొన్ని శాసనాలు రావట్లేదు" అన్న ఫిర్యాదు నుంచి ఇక్కడిదాకా రావడం కష్టం.

పరీక్షకు ఎంచుకునే రిక్వెస్టులు కూడా మన డేటాకు తగినవై ఉండాలి. నేనైతే "పిల్లలమర్రి" తప్పక పెడతాను. ఆ పేరుతో సూర్యాపేట దగ్గర కాకతీయుల కాలపు గుళ్లున్న ఊరు ఒకటి, మహబూబ్‌నగర్ దగ్గర పెద్ద మర్రిచెట్టున్న చోటు ఇంకొకటి. జిల్లా ఫిల్టర్ పనిచేయకపోయినా 200 వస్తుంది, కానీ రెండూ కలిసిపోతాయి. కోడ్ చూసి ఊరుకుంటే ఇది కనబడదు.

పక్కపక్కన పెట్టడానికీ ఖర్చుంది. రెండు జావాలు నడవాలి కాబట్టి మెమరీ తక్కువున్న మెషీన్‌లో రెండింటికీ హీప్ (జావా వాడుకునే మెమరీ) హద్దు పెట్టాలి. హెచ్‌టీటీపీ పోర్టులు వేరైనా, లోపలి డేటాబేస్ సర్వర్ పోర్టు 1984 రెండింటికీ ఒకటే, ఒకదానికి మార్చకపోతే రెండోది లేవదు. అన్నిటికంటే ముఖ్యం, రెండూ ఒకే డేటా ఫోల్డర్‌ను తాకకూడదు. వేర్వేరు ప్రాసెస్‌ల మధ్య బేస్‌ఎక్స్ లాకులను పూర్తిగా నమ్మలేం. రెండు సర్వర్లు ఒకే డేటాబేస్‌లో రాస్తే శాసనాలకే ముప్పు. డేటాకు కాపీ తీసి కొత్తదానికి ఇవ్వండి, పోలిక పూర్తయ్యేదాకా కొత్త శాసనాలు పాతదాంట్లోనే ఎక్కించండి.

ఇంత చోటు లేని మెషీన్ అయితే, లక్షణం పోర్టో పాస్‌వర్డో అని స్పష్టంగా కనిపిస్తుంటే, కొత్తదానిలోనే సరిచేయండి. కాకపోతే ఒక్కో మార్పు చేసి, ఆ వెంటనే అదే రిక్వెస్టు పంపి, లాగ్ చూశాకే రెండో మార్పు.